కుక్కలలో పిడుదుల మందుల అనుమానిత దుష్ప్రభావాలు: గుర్తింపు, విచారణ, నమోదు

పెంపుడు కుక్కలలో బాహ్య పరాన్నజీవుల నివారణకు వాడే మందుల సంఖ్య గత రెండు దశాబ్దాలలో గణనీయంగా పెరిగింది. స్నానపు నీటిలో కలిపే ద్రావణాలతో పాటు మెడపై వేసే చుక్కల మందులు, మెడపట్టీలు, నమిలి మింగే మాత్రలు నేడు చిన్న పట్టణాలలో సైతం లభిస్తున్నాయి. వాడకం పెరిగేకొద్దీ, మందు వేసిన తరువాత కుక్కకు వాంతులయ్యాయనీ, వణుకు వచ్చిందనీ, మూర్ఛ వచ్చిందనీ యజమానులు పశువైద్యశాలలకు రావడం కూడా పెరుగుతుంది. ఇటువంటి సందర్భాలలో రెండు రకాల పొరపాట్లకు అవకాశం ఉంది. మందు తరువాత వచ్చిన ప్రతి లక్షణానికీ మందునే కారణంగా భావించి పిడుదుల నివారణను పూర్తిగా మానివేయడం మొదటిది. మందు సురక్షితమైనదన్న నమ్మకంతో నిజమైన దుష్ప్రభావాన్ని కొట్టిపారేసి, అదే మందును మళ్ళీ ఇవ్వడం రెండవది. మొదటి పొరపాటు వల్ల కుక్క పిడుదుల ద్వారా వచ్చే వ్యాధులకు గురవుతుంది. రెండవ దాని వల్ల మందుకే బలి కావచ్చు. ఈ రెండింటినీ నివారించగల విచారణ పద్ధతిని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నివారణ ఎందుకు అనివార్యం?

మన దేశంలో కుక్కలపై ఎక్కువగా కనిపించేది గోధుమ రంగు కుక్క పిడుదు (రైపిసెఫాలస్ సాంగ్వినియస్). కొన్ని ప్రాంతాలలో పిడుదులనే గోమార్లు అని కూడా అంటారు. ఎర్లీకియా కానిస్ అనే సూక్ష్మజీవిని, బబేసియా వోగెలీ, హెపటోజూన్ కానిస్ అనే ప్రోటోజోవాలను ఈ పిడుదు వ్యాప్తి చేస్తుంది. ఎర్లీకియా సోకిన కుక్కలో జ్వరం, ప్లేట్‌లెట్ల తగ్గుదల, ముక్కు నుంచి రక్తస్రావం కనిపిస్తాయి; బబేసియా సోకినప్పుడు ఎర్ర రక్తకణాలు నశించి తీవ్ర రక్తహీనత ఏర్పడుతుంది. ఫ్లీలు అనే దూకే కీటకాలు చర్మ అలర్జీని కలిగించడమే కాక, డైపిలీడియం కెనైనం అనే బద్దెపురుగును కూడా చేరవేస్తాయి.

ఈ పిడుదు జీవితచక్రంలో ఒక ముఖ్య విశేషం ఉంది. పిల్ల దశ, నింఫ్ దశ, ప్రౌఢ దశ మూడింటిలోనూ ఇది కుక్కనే ఆశ్రయిస్తుంది గాని, ప్రతి దశలోనూ రక్తం తాగిన తరువాత కిందికి రాలి, గోడ పగుళ్ళలోనూ, గదుల మూలల్లోనూ దాగి రూపాంతరం చెందుతుంది. గుడ్లు పెట్టేది కూడా అక్కడే. కాబట్టి ఏ సమయంలోనైనా పిడుదుల సంతతిలో అధిక భాగం కుక్క శరీరంపై కాక పరిసరాలలోనే ఉంటుంది. మందు వేసిన వారం రోజులకే కొత్త పిడుదులు కనిపించడానికి కారణం ఇదే. యజమాని దీనిని మందు వైఫల్యంగా భావించి, గడువు రాకముందే రెండవ మోతాదు వేస్తాడు, లేదా మరొక మందును జోడిస్తాడు. అనుమానిత దుష్ప్రభావాల చరిత్రను సేకరించేటప్పుడు ఈ అదనపు మోతాదులను గురించి ప్రత్యేకంగా అడగవలసి ఉంటుంది.

‘అనుమానిత’ అనే విశేషణం

పశు ఔషధాల నమోదు నియమాలను సమన్వయపరచే అంతర్జాతీయ వేదిక వి.ఐ.సి.హెచ్. మార్గదర్శకాల ప్రకారం, మందు వాడిన తరువాత జంతువులో కనిపించిన అవాంఛితమైన, ఉద్దేశించని పరిణామం ఏదైనా ‘ప్రతికూల ఘటన’ అవుతుంది. దానికి మందే కారణమని తేలవలసిన అవసరం లేదు. సూచించిన పద్ధతిలో వాడినా, సూచనకు భిన్నంగా వాడినా ఈ నిర్వచనం వర్తిస్తుంది. మందు ఆశించినట్లు పనిచేయలేదన్న అనుమానం కూడా ఇందులో భాగమే. అంటే ప్రతికూల ఘటన ఒక పరిశీలన. దుష్ప్రభావం ఆ పరిశీలనపై విచారణ జరిపిన తరువాత చేసే నిర్ణయం. ఈ రెండింటి మధ్య దూరాన్ని ‘అనుమానిత’ అనే విశేషణం సూచిస్తుంది.

మందుల వర్గాలు, వాటి విష లక్షణాలు

లక్షణాల స్వరూపం మందు పనిచేసే తీరుకు సరిపోతున్నదా అనేది విచారణలో తొలి అంశం. అందుకు ఒక్కొక్క వర్గం గుణాన్ని తెలిసి ఉండాలి.

ఆర్గానోఫాస్ఫేట్లు, కార్బమేట్లు: ఇవి కోలినెస్టరేజ్ అనే ఎంజైమును నిరోధిస్తాయి. చొంగ, కన్నీరు, విరేచనాలు, పదేపదే మూత్రం, కంటిపాప కుంచించుకుపోవడం, కండరాల అదురు, శ్వాసలో ఇబ్బంది ప్రధాన లక్షణాలు. పంటలకు, గృహ కీటకాలకు ఉద్దేశించిన మందులను కుక్కలపై వాడినప్పుడు ఈ విషప్రభావం కనిపిస్తుంది. ఈ వర్గానికి చెందిన డైక్లోర్‌వాస్‌ను భారత ప్రభుత్వం 2018 నాటి ఉత్తర్వు ద్వారా 2020 డిసెంబరు 31 నుంచి నిషేధించింది.

అమిట్రాజ్: ఇది ఆల్ఫా-2 అడ్రినర్జిక్ గ్రాహకాలను ప్రేరేపిస్తుంది. మగత, గుండె వేగం తగ్గడం, శరీర ఉష్ణోగ్రత పడిపోవడం, వాంతులు, పేగుల కదలిక మందగించడం, రక్తంలో చక్కెర పెరగడం దీని లక్షణాలు. జైలజిన్ వంటి మత్తుమందు ఇచ్చిన కుక్కలో ఈ ప్రభావం మరింత తీవ్రమవుతుంది. మధుమేహం ఉన్న కుక్కలలోనూ, చిన్న పిల్లలలోనూ దీనిని వాడరాదు.

పైరిథ్రాయిడ్లు (సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, పెర్మెత్రిన్, ఫ్లుమెత్రిన్): ఇవి నాడీకణాల సోడియం మార్గాలను తెరచి ఉంచుతాయి. చర్మంపై చురుకుదనం వల్ల కుక్క ఒళ్ళు రుద్దుకోవడం, అటూ ఇటూ పరుగెత్తడం, చొంగ, వణుకు కనిపిస్తాయి. కుక్క సాధారణంగా తట్టుకోగల పెర్మెత్రిన్ మోతాదు పిల్లికి ప్రాణాంతకం కావచ్చు. ఒకే ఇంట్లో రెండూ ఉంటే ఈ విషయాన్ని యజమానికి తప్పక చెప్పాలి.

ఐవర్‌మెక్టిన్: కంటిపాప విస్తరించడం, చూపు కోల్పోవడం, తూలడం, వణుకు, చివరకు అపస్మారకం దీని విష లక్షణాలు. కోలీ, షెట్లాండ్ షీప్‌డాగ్, ఆస్ట్రేలియన్ షెపర్డ్ వంటి జాతులలో ఎం.డి.ఆర్.-1 జన్యువులో నాలుగు క్షారాల లోపం ఉండవచ్చునని అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2001లో వెల్లడించారు. ఈ జన్యువు నిర్మించే పీ-గ్లైకోప్రోటీన్ మందును మెదడులోకి చేరకుండా బయటకు నెడుతుంది. ఆ రక్షణ లేని కుక్కలో ఇతర కుక్కలు తేలికగా తట్టుకునే మోతాదు కూడా విషమవుతుంది. ఈ జన్యులోపం లేని కుక్కలలో సైతం అధిక మోతాదు ఐవర్‌మెక్టిన్‌ను స్పైనోసాడ్‌తో కలిపి వాడినప్పుడు ఇటువంటి లక్షణాలే నమోదయ్యాయి.

ఐసోక్సజోలిన్లు (అఫోక్సోలానర్, ఫ్లూరలానర్, సరోలానర్, లోటిలానర్): కీటకాలలోనూ, పిడుదులలోనూ గాబా ఆధారిత క్లోరైడ్ మార్గాలను ఇవి మూసివేస్తాయి. క్షీరదాల గ్రాహకాలపై వీటి ప్రభావం ఎంతో తక్కువ. అయినప్పటికీ కొన్ని కుక్కలలో కండరాల వణుకు, తూలడం, మూర్ఛలు నమోదు కావడంతో అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2018 సెప్టెంబరులో పశువైద్యులనూ, యజమానులనూ హెచ్చరించి, ఆ సమాచారాన్ని లేబుళ్ళపై చేర్పించింది. గతంలో మూర్ఛలు లేని కుక్కలలో కూడా ఇవి రావచ్చునని ఆ హెచ్చరిక పేర్కొన్నది. ఈ మందులు అత్యధిక కుక్కలకు సురక్షితమనీ, ప్రతి కుక్క ఆరోగ్య చరిత్రను చూసి ఎంపిక చేయాలనీ ఆ సంస్థ అభిప్రాయం.

ఇవి గాక, చుక్కల మందు వేసిన చోట ఎరుపు, దురద, వెంట్రుకలు రాలడం, నాకినప్పుడు చొంగ కారడం వంటివి ఏ వర్గంలోనైనా కనిపించవచ్చు. వీటికి కొన్నిసార్లు మందు కాక, దానిని కరిగించిన ద్రావకమే కారణం కావచ్చు.

మోతాదులో దొర్లే పొరపాట్లు

దుష్ప్రభావాలను రెండు విధాలుగా విభజించవచ్చు. మోతాదు పెరిగితే ఏ కుక్కలోనైనా వచ్చేవి మొదటి రకం. సరైన మోతాదులోనే కొన్ని కుక్కలలో మాత్రమే కనిపించేవి రెండవ రకం. పశువుల కోసం తయారైన మందులను కుక్కలకు వాడే అలవాటు ఉన్నచోట మొదటి రకాన్నే ముందుగా అనుమానించాలి.

ఉదాహరణకు 12.5 శాతం అమిట్రాజ్ ద్రావణంలో ఒక మిల్లీలీటరుకు 125 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. లీటరు నీటికి 2 మి.లీ. కలిపితే 0.025 శాతం ద్రావణం తయారవుతుంది. కొలత లేకుండా సుమారు 10 మి.లీ. పోస్తే గాఢత 0.125 శాతం, అనగా అయిదు రెట్లు అవుతుంది. అదే విధంగా 1 శాతం ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షనులో ఒక మి.లీ.కు 10 మి.గ్రా. మందు ఉంటుంది. కిలో బరువుకు 200 మైక్రోగ్రాముల చొప్పున ఆ ఒక్క మి.లీ. 50 కిలోల పశువుకు సరిపోతుంది. అదే లెక్కన 4 కిలోల కుక్కపిల్లకు 0.08 మి.లీ. వస్తుంది. దశాంశ స్థానం పొరపడి 0.8 మి.లీ. ఎక్కించితే మోతాదు పది రెట్లవుతుంది. పెద్ద సిరంజితో ఇంత చిన్న పరిమాణాన్ని కొలవడం సాధ్యం కాదు. పైగా సాధారణ మోతాదులో ఐవర్‌మెక్టిన్ పిడుదులపై నమ్మదగిన నివారణ ఇవ్వదు.

కారణ సంబంధాన్ని నిర్ణయించే ప్రశ్నలు

మందుకూ, లక్షణానికీ గల సంబంధాన్ని అంచనా వేయడానికి అయిదు ప్రశ్నలు ఉపకరిస్తాయి.

1. కాలక్రమం సరిపోతున్నదా? లక్షణం మందు తరువాతే మొదలైందా, లేక అంతకుముందే ఉండి యజమాని గమనించలేదా?
2. మందు పనిచేసే తీరుతో లక్షణం పొసగుతున్నదా? గతంలో ఇటువంటి నివేదికలు ఉన్నాయా?
3. మరొక కారణం లేదా? డిస్టెంపర్, ఎర్లీకియా, బబేసియా, చిన్న పిల్లలలో రక్తంలో చక్కెర తగ్గడం, వడదెబ్బ, ఇతర విషాలు, పుట్టుకతో వచ్చిన మూర్ఛవ్యాధి వంటివాటిని పరిశీలించారా?
4. మందును ఆపినప్పుడు, లేదా కడిగివేసినప్పుడు లక్షణం తగ్గిందా?
5. అదే మందును మళ్ళీ వాడినప్పుడు అదే లక్షణం తిరిగి వచ్చిందా? గత చరిత్రలో ఇది ఉంటే బలమైన ఆధారం. ఆధారం కోసం ఉద్దేశపూర్వకంగా మళ్ళీ ఇవ్వడం మాత్రం తగదు.

నాలుగవ ప్రశ్న అన్ని మందులకూ ఒకే రీతిన వర్తించదు. చర్మంపై వేసిన ద్రావణాన్ని కడిగివేయవచ్చు. మింగించిన ఐసోక్సజోలిన్ మాత్రను వెనక్కు తీసుకోలేము. రక్తంలో అర్ధాయువు 14 రోజులు ఉన్న మందు ఎనిమిది వారాల తరువాత కూడా గరిష్ఠ స్థాయిలో పదహారవ వంతు మిగిలి ఉంటుంది. కనుక మందు ‘ఆపిన’ తరువాత కూడా లక్షణాలు కొనసాగినంత మాత్రాన మందుకు సంబంధం లేదని తీర్పు చెప్పరాదు.

ఈ సమాధానాల ఆధారంగా ఘటనను నాలుగు తరగతులుగా వర్గీకరించే పద్ధతి ఐరోపాలో చాలాకాలం అమలులో ఉండేది: ‘ఎ’ అంటే సంబంధం సంభావ్యం, ‘బి’ అంటే సాధ్యం, ‘ఓ’ అంటే సమాచారం చాలనందున వర్గీకరించలేనిది, ‘ఎన్’ అంటే సంబంధం ఉండకపోవచ్చు. సమాచారం లేని ఘటన ‘ఓ’ తరగతికి చెందుతుందే తప్ప ‘ఎన్’ తరగతికి కాదు.

కాలక్రమం ఒక్కటే చాలదు

మందు తరువాత వచ్చిన లక్షణానికి మందే కారణమని తోచడం సహజం. దీనిలోని బలహీనతను ఒక ఊహాత్మక లెక్కతో చూడవచ్చు. వెయ్యి కుక్కలలో ఏడాదికి ఆరింటికి మందుతో నిమిత్తం లేకుండా తొలిసారి మూర్ఛ వస్తుందని అనుకుందాం. పది వేల కుక్కలకు మందుకు బదులు మంచినీరు ఇచ్చినా, ఏడాదిలో 60 కుక్కలకు, తొలి 14 రోజులలోనే సుమారు రెండింటికి మూర్ఛ రాకమానదు. ఆ రెండు కుక్కల యజమానులు నీటినే అనుమానిస్తారు. ఇక క్రమం తప్పకుండా ప్రతి నెలా మందు వేసే కుక్కలో ఏ జబ్బు వచ్చినా అది ‘మందు వేసిన నెలలోపే’ వస్తుంది. అందువల్ల నెలలోపు అనే సమాచారానికి విలువ స్వల్పం. మోతాదు తరువాత ఎన్నవ గంటకు, ఎన్నవ రోజుకు వచ్చిందన్నదే ప్రధానం. అనేక కుక్కలలో లక్షణాలు తొలి కొద్ది రోజులలోనే గుమికూడితే మందుపై అనుమానం బలపడుతుంది. నెల అంతటా సమానంగా వ్యాపించి ఉంటే బలహీనపడుతుంది.

మరొక చిక్కు ఉంది. పిడుదులు కనిపించిన కుక్కకే యజమాని మందు వేస్తాడు. అప్పటికే ఆ పిడుదు ఎర్లీకియాను ఎక్కించి ఉండవచ్చు. ఆ వ్యాధి పొదుగుదల కాలం సుమారు 8 నుంచి 20 రోజులు. కుక్క జబ్బుపడే నాటికి మందు వేసి వారమో రెండు వారాలో గడచి ఉంటాయి. యజమాని దృష్టిలో మందు వల్ల వచ్చిన జబ్బు, వాస్తవంలో మందు ఆలస్యం కావడం వల్ల వచ్చినదై ఉండవచ్చు.

స్వచ్ఛంద నివేదికల సంఖ్యను చదివేటప్పుడు కూడా ఈ జాగ్రత్త అవసరం. ఎన్ని కుక్కలకు మందు ఇచ్చారో తెలియనిదే ఎన్ని నివేదికలు వచ్చాయన్న దాని నుంచి ప్రమాద శాతం తేలదు. చాలా ఘటనలు అసలు నివేదికకే రావు. వార్తలు వెలువడినప్పుడు ఒక్కసారిగా పెరుగుతాయి. అయినా నివేదికలు నిరర్థకమైనవి కావు. మెటాఫ్లుమిజోన్, అమిట్రాజ్ కలిపిన ఒక చుక్కల మందు వాడిన కుక్కలలో పెంఫిగస్‌ను పోలిన చర్మవ్యాధి, ఆ మందు విపణిలోకి వచ్చిన తరువాత చికిత్సా అనుభవాల ద్వారానే గుర్తింపు పొందింది. వేల సంఖ్యలో ఒక కుక్కకు వచ్చే ప్రతిచర్యను కొన్ని వందల కుక్కలపై జరిగే ముందస్తు పరీక్షలు పట్టుకోలేవు.

ఒక ఊహాత్మక ఘటన

బోధన నిమిత్తం ఒక కల్పిత ఘటనను పరిశీలిద్దాం. మూడేళ్ళ లాబ్రడార్ కుక్కకు ఫ్లూరలానర్ మాత్ర ఇచ్చిన ఆరవ రోజున మూర్ఛ వచ్చింది. గతంలో మూర్ఛలు లేవు. మోతాదు బరువుకు తగినదే. ఇంతవరకు చూస్తే మందును అనుమానించడం సమంజసమే. పరీక్షించినప్పుడు జ్వరం, చిగుళ్ళపై రక్తపు చుక్కలు, ప్లేట్‌లెట్ల తీవ్ర లోపం కనిపించి, రక్తపరీక్షలో ఎర్లీకియా నిర్ధారణ అయింది. ఎర్లీకియా వల్ల మెదడు పొరలలో వాపు, రక్తస్రావం ఏర్పడి మూర్ఛలు రావచ్చు. కాలక్రమం, మందు గుణం రెండూ సరిపోతున్నా, అంతే బలమైన మరొక కారణం ఉన్నందున దీనిని ‘బి’ తరగతిలో ఉంచాలి. ఎర్లీకియాకు డాక్సీసైక్లిన్ చికిత్స ప్రారంభించాలి, మూర్ఛలను అదుపు చేయాలి, ఘటనను నివేదించాలి, తదుపరి పిడుదుల నివారణకు వేరే వర్గపు మందును ఎంచుకోవాలి. కారణం పూర్తిగా తేలకపోయినా ఈ నాలుగు పనులకూ ఆటంకం లేదు.

రక్తపరీక్షలు చేయకుండా మందునే నిందించి పంపివేసి ఉంటే ఆ కుక్క ఎర్లీకియాతో మరణించి ఉండవచ్చు.

తక్షణ చికిత్స: తేడా తెలియకపోతే ప్రమాదం

పిడుదుల మందుతో స్నానం చేయించిన కుక్క చొంగ కారుస్తూ వస్తే వెంటనే అట్రోపిన్ ఇచ్చే అలవాటు క్షేత్రస్థాయిలో ఉంది. ఆర్గానోఫాస్ఫేటు విషంలో అది ప్రాణరక్షకం, కిలోకు 0.1–0.2 మి.గ్రా. మోతాదులో నాలుగవ వంతు సిరలోకి, మిగిలినది కండరంలోకి లేదా చర్మం కిందకు ఇస్తారు. అవసరాన్ని బట్టి ప్రాలిడాక్సిమ్ జతచేస్తారు. అమిట్రాజ్ విషంలో మాత్రం అట్రోపిన్ రక్తపోటును పెంచి, మందగించిన పేగులను మరింత స్తంభింపజేస్తుంది. దానికి తగిన విరుగుడు యోహింబిన్ (కిలోకు 0.1 మి.గ్రా. సిరలోకి) లేదా అటిపమెజోల్ (కిలోకు 50 మైక్రోగ్రాములు కండరంలోకి). పైరిథ్రాయిడ్లకు, ఐవర్‌మెక్టిన్‌కు ప్రత్యేక విరుగుడు లేదు. లక్షణాలను బట్టి చికిత్స చేయాలి.

యజమాని సీసా తీసుకురానప్పుడు తేడా గుర్తించడానికి మూడు సులభ పరీక్షలున్నాయి. కంటిపాప కుంచించుకుని, విరేచనాలు, కండరాల అదురు ఉంటే ఆర్గానోఫాస్ఫేటును అనుమానించాలి. మగత, నెమ్మదించిన గుండె, చల్లబడిన శరీరంతో పాటు గ్లూకోమీటరులో చక్కెర అధికంగా ఉంటే అమిట్రాజ్‌ను అనుమానించాలి. స్పృహ ఉండి, స్పర్శకు ఉలికిపడుతూ వణుకుతుంటే పైరిథ్రాయిడ్ కావచ్చు. మనుషులకు వాడే గ్లూకోమీటరు కూడా ఈ ప్రాథమిక విభజనకు సరిపోతుంది.

మందు చర్మంపై ఉంటే గిన్నెలు తోమే ద్రవ సబ్బుతో, గోరువెచ్చని నీటితో కడగాలి. శరీరం చల్లబడితే పైరిథ్రాయిడ్ల ప్రభావం పెరుగుతుంది కనుక చన్నీరు పనికిరాదు. కడిగేవారు చేతి తొడుగులు ధరించాలి. మూర్ఛలు ఉంటే కిలోకు 0.5 మి.గ్రా. డయజిపామ్ సిరలోకి ఇవ్వాలి. వణుకుతున్న, లేదా స్పృహ లేని కుక్కకు వాంతి చేయించరాదు. నోటి ద్వారా ఏమీ పోయరాదు.

నమోదు చేయవలసిన వివరాలు

నివేదిక విలువ దానిలోని వివరాలపై ఆధారపడుతుంది. కనీసం ఈ కింది అంశాలు ఉండాలి.

- కుక్క జాతి, వయస్సు, లింగం, తూచిన బరువు, గత ఆరోగ్య చరిత్ర, ముఖ్యంగా మూర్ఛలు.
- మందు వాణిజ్య నామం, క్రియాశీల పదార్థం, గాఢత, బ్యాచ్ సంఖ్య, గడువు తేదీ. పెట్టెను, సీసాను పారవేయవద్దని యజమానికి చెప్పాలి.
- ఇచ్చిన పరిమాణం, మార్గం, తేదీ, సమయం. అది ఎన్నవ మోతాదు. గత నెలలో వాడిన ఇతర మందులు, టీకాలు, ఇంటి పురుగుమందులు.
- మొదటి లక్షణం కనిపించిన సమయం, లక్షణాల వరుస. మూర్ఛను, వణుకును యజమాని ఫోనులో చిత్రీకరిస్తే ఎంతో ఉపయోగం.
- రక్తపరీక్షలు, చికిత్స, పరిణామం. మరణించిన కుక్కకు శవపరీక్ష ఫలితం.

ఆర్గానోఫాస్ఫేటు అనుమానం ఉంటే కోలినెస్టరేజ్ పరీక్షకు హెపారిన్ కలిపిన రక్తాన్ని చల్లగా ఉంచి పంపాలి. నివేదికను మందు తయారీదారుకూ, రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారులకూ పంపి, ఒక ప్రతిని వైద్యశాలలో భద్రపరచాలి. ఒకే బ్యాచ్‌పై రెండు మూడు ఘటనలు వచ్చినప్పుడు ఈ ప్రతులే వాటిని కలిపి చూపుతాయి.

విస్తరణ కార్యకర్తలకు సూచనలు

యజమానులతో మాట్లాడేటప్పుడు కొన్ని విషయాలను స్పష్టంగా చెప్పవలసి ఉంటుంది. కుక్కను తూచిన తరువాతే మందు కొనాలి. పశువులకు, పంటలకు ఉద్దేశించిన మందులను పశువైద్యుని సలహా లేకుండా కుక్కపై వాడరాదు. ఒకేసారి రెండు మందులు కలపరాదు. మాత్ర మింగిన కుక్కపై పిడుదులు కనిపించినంత మాత్రాన మందు విఫలమైనట్లు కాదు. పిడుదు కరచి రక్తం తాగినప్పుడే ఆ మందు దానిని చేరుతుంది. కుక్క పడుకునే చోటును, గోడ పగుళ్ళను శుభ్రపరచకుండా మందు మోతాదులను పెంచడం వల్ల ప్రయోజనం లేదు. మందు వేసిన తొలి రోజు కుక్కను గమనిస్తూ ఉండాలి.

ఒక మందు పడని కుక్కకు పిడుదుల నివారణే పడదని భావించరాదు. ఏ వర్గపు మందు, ఏ మోతాదులో, ఎన్ని గంటలకు, ఏ లక్షణాన్ని కలిగించిందో నమోదై ఉంటే మరొక వర్గం నుంచి సురక్షితమైన మందును ఎంచుకోవడం సాధ్యమవుతుంది. ఆ కుక్క ఆరోగ్య పత్రంపై పడని మందు క్రియాశీల పదార్థం పేరు స్పష్టంగా రాసి ఇవ్వాలి. వాణిజ్య నామం మారినా పదార్థం మారదు గనుక, మరొక ఊరిలో మరొక వైద్యుడు అదే మందును తిరిగి ఇవ్వకుండా ఆ ఒక్క వాక్యం కాపాడుతుంది.